ఎలుకల మందు పెట్టి గూబను చంపుకున్నాను. ఈ తప్పు ఎలా దిద్దుకోవాలి?

తోటపల్లి కాలువ
19 అక్టోబర్ 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి వైపు. కుడికాలువ కింద ఎకరం అరవై సెంట్లు ఉంది. మా ఆయన విశాఖలో పని చేస్తారు. పొలం నేనూ మా అత్తా చూసుకుంటాం.

ఈసారి వరి, శ్రీకాకుళం సన్నాలు వేశాం. చేను పొట్ట మీదుండగా ఎలుకలు పడ్డాయి. పొద్దున్నే వెళ్తే కొడవలి పెట్టి కోసినట్టు దుబ్బులు పడి ఉండేవి. షాపులో బ్రోమోడయోలిన్ తెచ్చి, నూకల్లో నూనె పోసి కలిపాను. కన్నాల్లో పెట్టాలని తెలుసు. కొన్నిట్లో పెట్టాను, మిగిలింది ఓపిక లేక గట్టు మీద పిడికిళ్లతో చల్లేశాను. అది 9వ తారీకు. నాలుగు రోజులకి ఎలుకలు చావడం మొదలైంది. 14న పైడితల్లమ్మ పండగ తొలేళ్లు, 15న సిరిమాను. అత్తను తీసుకుని విజయనగరం వెళ్లి మా ఆడపడుచు ఇంట్లో ఉండిపోయాం. మూడు రోజులు పొలం మొహం చూడలేదు.

17న పొద్దున్న వెళ్తే గట్టు మీద తెల్లగూబ. రెక్కలు రెండూ పరిచి బోర్లా పడి ఉంది. చచ్చిపోయిందనుకుని దగ్గరకెళ్తే తల తిప్పి చూసింది. ముక్కు పక్క నుంచి రక్తం సన్నగా కారుతోంది, ఎంతసేపటికీ ఆగలేదు. కొంగుతో ఎత్తుకున్నాను. అంత పెద్ద పిట్ట చేతిలో బరువే లేదు. ముఖం అచ్చం తమలపాకులా ఉంది, తెల్లగా. రెక్క ఈకల అంచులు శాలువా కుచ్చుల్లా మెత్తగా ఉన్నాయి. మధ్యవేలి గోరుకి లోపలి వైపు దువ్వెన పళ్లలాంటి నొక్కులున్నాయి. అలాంటిది ఉంటుందని నాకు తెలీదు. నా చేతిలోనే పోయింది. కళ్లు మూసుకోలేదు. అక్కడే గొయ్యి తీసి పాతిపెట్టాను.

మా అత్త "పీడ పోనాది, ఊరుకో" అంది. ఆవిడ తప్పు కాదు, మా ఊళ్లో గూబ కూస్తే చావు కబురంటారు. నాకు మాత్రం అప్పటి నుంచి నిద్ర లేదు. అది ఎలుకను తిని నాకు మేలే చేసింది. ఆ ఎలుకలో విషం పెట్టింది నేను.

గుడిలో ఏదైనా చేయించుకోమని పక్కింటావిడ చెప్పింది. చేయిస్తాను. కానీ నేను తప్పు చేసింది గూబకి. దానికి ఏం చేస్తే తీరుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి ఒడ్డు
19 అక్టోబర్ 2024, రాత్రి 10:25

చెల్లీ, బాధపడకు. మందు పెట్టకపోతే చేను దక్కదు. నాకు మూడెకరాలు కౌలు. రెండేళ్ల క్రితం మందు పెట్టడం ఆలస్యమైతే గట్టు వార మొత్తం పోయింది. కౌలు ఇచ్చినాయన గూబ పేరు చెప్తే వదిలేస్తాడా? కావాలని చేసింది కాదు కదా. వదిలెయ్.

సన్నికల్లు
20 అక్టోబర్ 2024, ఉదయం 6:10

అమ్మాయీ, మాది శ్రీకూర్మం దగ్గర. అరవై ఎనిమిదేళ్లవాణ్ణి, పౌరోహిత్యం చేసుకున్నవాణ్ణి. నీ ప్రశ్న కొత్తది కాదు.

గృహస్థు ఇంట్లో అయిదు చోట్ల రోజూ తెలియకుండా ప్రాణం పోతుందని మన పెద్దలు లెక్క చెప్పారు: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటికి పంచసూనలని పేరు. ఈ దోషం పోవడానికే రోజూ పంచమహాయజ్ఞాలు చేయమన్నారు. వాటిలో ఒకటి భూతయజ్ఞం. అంటే మనం తినే ముందు కాకికి, కుక్కకి, చీమకి ముద్ద తీసి పెట్టడం. వసారాలో వరి కుచ్చులు కట్టేది పిచ్చుకల కోసమే. ముగ్గు బియ్యప్పిండితో వేసేది చీమల కోసమే.

చూశావా, అపకారం జరిగింది జీవులకైతే చెల్లింపు కూడా జీవులకే పెట్టారు. గుడికి వెళ్లు, దీపం పెట్టుకో, మనసు కుదుటపడుతుంది. కానీ ఆ దీపం గూబకు ముట్టదు. గూబ జాతికి ఏం కావాలో తెలిసినవాళ్లను అడిగి అది చెయ్. గూబ లక్ష్మీదేవి వాహనమని మీ అత్తగారికి నా మాటగా చెప్పు.

రాగోలు మాస్టారు
20 అక్టోబర్ 2024, ఉదయం 8:35

తల్లీ, నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఈ పాపంలో నాకూ వాటా ఉంది. సామూహిక ఎలుకల నివారణ అని ఊరూరా ఈ మందే పంచాం. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు అని గట్టిగా అరిచి చెప్పేవాణ్ణి. చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పాతిపెట్టండి అన్న ముక్క మాత్రం చివర్లో, జనం లేచిపోతుంటే అనేవాణ్ణి. ఎవరు విన్నారో దేవుడికెరుక.

రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. ఈ మందు దాన్ని పని చేయనివ్వదు. ఎలుక తిన్న వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా, నీరసంగా తిరుగుతుంది, పగటిపూట కూడా బయటికొస్తుంది. గూబకి అంతకంటే సులువైన వేట దొరకదు. ఎలుకను అది ముక్కలు చేసుకోదు, చాలాసార్లు అలాగే మింగేస్తుంది. ఆ ఎలుక పొట్టలో ఉన్నదీ, కాలేయంలో ఉన్నదీ అంతా దీని ఒంట్లోకి వస్తుంది.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను, జాగ్రత్తగా చూసి చెప్పు. మీ పొలానికి దగ్గర్లో మొండితాడి గానీ, తొర్ర ఉన్న పాత చెట్టు గానీ, పాడుబడ్డ ఇల్లు గానీ ఉందా? ఇది తెల్లగూబలు పిల్లలు చేసే కాలం. చీకటి పడ్డాక అక్కడ పాము బుసలాంటి చప్పుడు వినిపిస్తోందేమో విను. అది పాము కాదు, పిల్లలు ఆకలికి చేసే చప్పుడు.

ఈలోపు గట్టు మీద మిగిలిన మందు నూకలు ఒక్క గింజ లేకుండా ఎత్తెయ్. చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకో. పొద్దున్నే ఎండ రాకముందు ఒకసారి, సాయంత్రం దీపాల వేళకు ముందు ఒకసారి తిరిగి చచ్చినవీ, మగతగా ఉన్నవీ ఏరాలి. కనీసం రెండు వారాలు. సాయంత్రం తిరగడం మానకు, గూబ దిగేది ఆ తర్వాతే.

పాలకొండ పశువైద్యం
20 అక్టోబర్ 2024, మధ్యాహ్నం 1:15

మాస్టారు చెప్పింది నిజం. మీకు గూబ దొరికేసరికి ఆలస్యమైపోయింది. కాస్త ముందు దొరికి ఉంటే విటమిన్ కె1 ఇచ్చి చూసేవాళ్లం. కుక్కలకు ఇస్తాం, కొన్ని బతుకుతాయి. ఇకపై ఎవరికైనా నీరసంగా పడి ఉన్న గూబ దొరికితే అట్టపెట్టెలో గుడ్డ వేసి, చీకటిగా, కదలకుండా ఉంచి అటవీ శాఖకి కబురు చేయండి. నీళ్లు నోట్లో పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే అప్పుడే పోతుంది.

ఇంకొకటి. పాతిపెట్టిన గూబ శరీరంలో కూడా మందు ఉంటుంది. ఎంత లోతు తవ్వారు?

తోటపల్లి కాలువ
21 అక్టోబర్ 2024, రాత్రి 10:50

డాక్టరు గారూ, జానెడు కూడా తవ్వలేదు. మీరు రాసింది చదివి రాత్రే టార్చి పట్టుకుని వెళ్లాను. కుక్క అప్పటికే ఓ పక్క గోకి ఉంది. పైకి తీసి, చింతచెట్టు వెనక నడుము లోతు తవ్వి మళ్లీ పెట్టాను. పైన రాళ్లు పేర్చాను. రెండోసారి దాన్ని చేత్తో పట్టుకోవడం మొదటిసారి కంటే కష్టమైంది.

మాస్టారూ, మొండితాడి ఉంది. మా పక్క గట్టుది. మూడేళ్ల క్రితం పిడుగు పడి మొవ్వు పోయింది, పోయిన ఏడు గాలికి పన్నెండు అడుగుల దగ్గర విరిగింది. అక్కడ బుస వినిపిస్తుందని ఊళ్లో పిల్లలు నెల రోజులుగా అటు వెళ్లడం లేదు. నాగుపాము ఉందనుకున్నాం. ఇవాళ చీకటి పడ్డాక మోటారు షెడ్డులో కూర్చున్నాను. ఏడున్నరకి మొదలైంది. ఒకటి ఆపితే ఇంకోటి. పాము అలా చేయదు.

ఎనిమిది దాటాక తెల్లగా ఏదో వచ్చి మొండి మీద వాలింది. రెక్క చప్పుడు లేదు. దాని నోట్లో ఎలుక ఉంది. రెండోది బతికే ఉంది మాస్టారూ. బతికి ఉందని ఏడ్చాను. మరుక్షణం ఆ ఎలుక ఎవరి పొలంలోదో అని వణుకు పుట్టింది.

రాగోలు మాస్టారు
22 అక్టోబర్ 2024, ఉదయం 5:50

నీ భయం సరైనదే. గూబ నీ ఎకరంన్నరలోనే వేటాడదు, చుట్టూ కిలోమీటరు, ఆ పైన కూడా తిరుగుతుంది. ఇప్పుడు నీ పని నీ పొలంతో అయిపోదు. మందు పెట్టిన గట్లన్నీ తిరగాలి. ఒక్కసారి మాత్రం నిచ్చెన వేసి పిల్లలెన్నో చూడొచ్చు, ఆ తర్వాత దగ్గరకు వెళ్లొద్దు. నువ్వు ఏమీ తినిపించకు, ఇంటికి తెచ్చుకోకు. తల్లో తండ్రో ఒకటి ఉన్నంతవరకు దాన్ని పని చేసుకోనివ్వాలి.

పాలకొండ పశువైద్యం
22 అక్టోబర్ 2024, ఉదయం 9:30

అవును. పెంచుకోవాలనే ఆశ అసలు వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా. పెద్దపిట్ట రెండు రాత్రులు వరుసగా రాకపోతే అప్పుడు అటవీ శాఖకు చెప్పండి.

కళింగపట్నం రేవు
22 అక్టోబర్ 2024, రాత్రి 11:20

అక్కా, నేను వేటకెళ్లేవాణ్ణి. చేపల వేట. నీది చదివాక నాది చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఎనిమిదేళ్ల కిందట, జనవరి చివర. ఫైబర్ బోటులో నలుగురం. వల లాగుతుంటే బరువు. చేప అనుకున్నాం. తాబేలు. తల, కాళ్లు వేలాడేసి ఉంది. తాబేలు నీళ్లలో ఉన్నా గాలి మనలాగే పీల్చుకోవాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక పోతుంది. మేం తాబేలును తినం, కూర్మనాథస్వామి కొలువున్న చోట పుట్టినవాళ్లం. "తప్పయింది తల్లీ" అని గంగమ్మకి దండం పెట్టి, వల కోయకుండా విడిపించి నీళ్లలో వదిలేశాం. రాయిలా మునిగిపోయింది.

ఆ మరుసటేడు మా ఒడ్డున గుడ్లు పెంచే చోట పని చేసే కుర్రాడు ఒకమాట చెప్పాడు. వలలో చిక్కిన తాబేలు చచ్చినట్టే కనిపిస్తుందట, కానీ చాలాసార్లు స్పృహ మాత్రమే పోయి ఉంటుందట. బోటులో మామూలుగా కూర్చోబెట్టి, వెనక భాగం కింద జానెడు ఎత్తు పెట్టి, తడిగోనె కప్పి, నీడన కొన్ని గంటలు ఉంచాలట. నాలుగు గంటలు, ఒక్కోసారి రోజంతా. ఊపిరితిత్తుల్లో నీళ్లు దిగిపోయి లేస్తుందట. స్పృహ లేనిదాన్ని నీళ్లలో వేస్తే మాత్రం చచ్చిపోతుంది.

అంటే నేను భక్తిగా దండం పెట్టి ముంచేశాను. తెలీక చేసింది అని అందరూ అన్నారు. తెలీకపోవడం నిజమే. కానీ ఆ తాబేలుకి అది ఏం ఓదార్పు?

అప్పటి నుంచి నా బోటులో రెండు గోనెలు, ఒక చెక్కదిమ్మ ఎప్పుడూ ఉంటాయి. ఇప్పటికి నాలుగింటిని అలా ఉంచాను. మూడు లేచాయి. ఒకటి లేవలేదు. లేచినప్పుడు ముందు మెడ కదులుతుంది, తర్వాత బుస్సుమని ఊపిరి వదులుతుంది. ఆ చప్పుడు వింటే ఒళ్లు ఝల్లుమంటుంది. వేటకి పోని రాత్రులు, గుడ్ల కాలంలో ఒడ్డున నడుస్తాను. జాడ కనిపిస్తే కుక్కల కంటే ముందు ఆ కుర్రాళ్లకి ఫోను చేస్తాను. ఒక్కో గూటిలో వంద పైనే గుడ్లుంటాయి.

తీరిందా అంటే తీరలేదు. ఆ మునిగినది మునిగినట్టే ఉంది. కానీ నువ్వు గట్లు తిరుగు అక్కా. తిరిగితే రాత్రి నిద్ర పడుతుంది, అది మాత్రం నాకు తెలుసు.

రాత్రి డ్యూటీ
23 అక్టోబర్ 2024, తెల్లవారి 3:05

పూసపాటిరేగ దాటాక హైవే మీద పోయిన నెల పునుగుపిల్లిని గుద్దాను. ఆగలేదు. వెనక లారీ ఉంది, భయమేసింది. అద్దంలో అది కదలడం కనిపించింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కళింగపట్నం రేవు
23 అక్టోబర్ 2024, ఉదయం 7:40

తమ్ముడూ, రాసినందుకు మంచిది. ఆ చోట ఇప్పుడు మెల్లగా వెళ్తున్నావా?

రాత్రి డ్యూటీ
23 అక్టోబర్ 2024, ఉదయం 7:58

వెళ్తున్నాను అన్నా. నలభై దాటను. లైటు కూడా ముందే దించుతున్నాను.

తోటపల్లి కాలువ
26 అక్టోబర్ 2024, రాత్రి 9:15

దానా తుఫాను అంటే చాలా టెన్షన్ పడ్డాం. ఒడిశా వైపు పోయింది. మాకు గాలి, కాస్త వాన. మొండి నిలబడింది.

మూడు పిల్లలు. తాళ్లెక్కే మావయ్య నిచ్చెన వేసి చూశాడు. మెట్ల వరసలా ఉన్నాయట, ఒకటి పెద్దది, ఒకటి మధ్యది, ఒకటి పిడికెడు. అన్నీ ఒకేసారి పొదగవు కాబట్టి అలా ఉంటాయని మాస్టారు ఫోనులో చెప్పారు. చెట్టు కింద బూడిదరంగు ఉండలు దొరికాయి, బొటనవేలంత. విప్పితే లోపల ఎలుక బొచ్చు, ఎముకలు, గోరంత పుర్రెలు. తిన్నదాంట్లో అరగనిది అలా కక్కుతుందట. ఒక ఉండలో మూడు పుర్రెలు లెక్కపెట్టాను. ఇన్నాళ్లు నా చేనుకి కాపలా ఎవరు కాశారో అప్పుడు తెలిసింది.

ఆ మొండి పక్క గట్టు ఆయనది. సంక్రాంతికి కొట్టించి వంటచెరకు చేయించాలనుకున్నాడు. ధర ఇస్తానన్నాను. డబ్బు వద్దన్నాడు, కొత్త బియ్యం వచ్చాక ఓ కుంచెడు పెట్టమన్నాడు.

రోజూ రెండుపూటలా తిరుగుతున్నాను. మా గట్ల మీద మొదటి రోజు పద్నాలుగు, తర్వాత తొమ్మిది, అయిదు, ఇవాళ రెండు. చుట్టుపక్కల పదకొండు మంది రైతుల ఇళ్లకి వెళ్లాను. ఇద్దరు గుమ్మంలోనే పంపేశారు, "గూబల కోసం మా గట్లు తిరగడమేంటమ్మా" అని. ఒకాయన నవ్వాడు. ఆరుగురు తిరగనిచ్చారు, వాళ్లే ఏరడానికి ఇద్దరు ఒప్పుకున్నారు. అడగడానికి వెళ్లినప్పుడల్లా మొదటి మాటగా నేను చేసిందే చెప్తున్నాను. అది చెప్పకపోతే ఎవరికో నీతులు చెప్పినట్టుంటుంది.

నిర్వాహకులు
28 అక్టోబర్ 2024, ఉదయం 11:00

ఈ చర్చలో గూబ గోళ్లు, ఈకలు కొంటామని వచ్చిన రెండు పోస్టులు తీసేశాం, ఖాతాలు మూసేశాం. దీపావళి ముందు పూజల పేరుతో గూబల్ని పట్టి అమ్మేవాళ్లు తిరుగుతారు. తోటపల్లి కాలువ గారూ, ఊరి పేరు, గూడు ఆనవాలు దయచేసి ఇక్కడ రాయకండి, ఫొటో పెట్టకండి.

నాగావళి ఒడ్డు
29 అక్టోబర్ 2024, రాత్రి 8:30

చెల్లీ, మొదట వదిలెయ్ అన్నాను. రోజూ వచ్చి చదువుతూనే ఉన్నాను. ఒకటి అడగాలని ఉంది, తప్పుగా అనుకోకు. గూబ పోతే ఇంతమందికి కన్నీళ్లొచ్చాయి. నువ్వు రోజుకి పద్నాలుగు, తొమ్మిది అని లెక్క రాశావే, ఆ ఎలుకలది ప్రాణం కాదా? వాటికీ పిల్లలుంటాయి కన్నంలో. మరి వాటికి ఏం చెల్లిస్తావు?

తోటపల్లి కాలువ
30 అక్టోబర్ 2024, రాత్రి 9:05

అన్నా, నిన్నంతా దీని గురించే ఆలోచించాను. నా దగ్గర సరైన జవాబు లేదు.

అవీ ప్రాణాలే. ఒక రోజు సాయంత్రం మగతగా ఉన్న ఎలుక ఒకటి నా కాలి పక్కనే వచ్చి కూర్చుంది. పారిపోలేదు. ముక్కు నుంచి రక్తం, అచ్చం గూబకు వచ్చినట్టే. నాలుగైదు రోజులు లోపల్లోపల రక్తం కారి చావడం అంటే ఏంటో దాన్ని చూశాక తెలిసింది. మందు పెట్టి ఇంటికి వచ్చేశాను కాబట్టి అప్పటిదాకా చూడలేదు.

చేను వదిలేయలేను. అందుకని మాస్టారు ఫోనులో చెప్పినట్టు ఎలుకల్ని పట్టే వెదురు బుట్టలు తెప్పించాను. పడినదాన్ని నేనే చంపాలి. చూస్తూ చంపాలి. ఒక్క దెబ్బకి పోయేలా చేయడం నేర్చుకున్నాను. ఇది రాసేటప్పుడు కూడా చేతులు వణుకుతున్నాయి. కానీ ఎన్నిటిని చంపుతున్నానో ఇప్పుడు తెలుస్తోంది, అవసరానికి మించి ఒక్కటి కూడా చంపబుద్ధి కావడం లేదు. ఎలుకకు చెల్లించడం నాకు చేతకాలేదు అన్నా. దాన్ని అంత నరకం పెట్టకుండా ఉండడం వరకే చేతనైంది.

నాగావళి ఒడ్డు
30 అక్టోబర్ 2024, రాత్రి 9:20

సరే చెల్లీ. అర్థమైంది.

రాగోలు మాస్టారు
31 అక్టోబర్ 2024, ఉదయం 6:30

బుట్టలతో పాటు వచ్చే ఏడాదికి గట్లు చూసుకోండి ఇద్దరూ. గట్టు ఎంత వెడల్పుంటే ఎలుకకు అంత సుఖం. సన్నగా చెక్కి, గడ్డి లేకుండా ఉంచితే కన్నం పెట్టుకోవడానికి చోటుండదు. కన్నాలన్నీ ముందు రోజు బురదతో మూసి, మర్నాడు తెరుచుకున్న వాటికే గడ్డి పొగ పెట్టండి. నాట్లకు ముందే ఊరంతా ఒకేసారి చేస్తే పొట్ట దశలో మందు అవసరమే రాకపోవచ్చు. ఒక్కరు చేస్తే పక్క పొలం నుంచి వచ్చేస్తాయి.

చేలో అడ్డకర్రలు పాతండి. పగలు పాలపిట్టలు, కొంగలు వాలి పురుగులు తింటాయి. రాత్రి గూబలు వాలి ఎలుకల్ని చూస్తాయి. కోత ముందు తీసేస్తే సరిపోతుంది.

తేలినీలాపురం కోడలు
3 నవంబర్ 2024, మధ్యాహ్నం 2:40

నేను పెళ్లై ఈ ఊరొచ్చి పదహారేళ్లు. మా ఊరి చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి పిల్లలు చేస్తాయి. కొత్తలో ఆ కంపు, ఆ రెట్టలు భరించలేక ఏడ్చేదాన్ని. ఒకరోజు వాకిట్లో పడిన పిల్లను చీపురుతో తోసేశాను, కుక్క పట్టుకుపోయింది. మా మావగారు చూశారు. తిట్టలేదు. ఆ రోజు అన్నం తినలేదు, అంతే. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని ఇక్కడి నమ్మకం. ఇప్పుడు గాలి వీచిన రాత్రి పొద్దున్నే చెట్ల కింద ముందు తిరిగేది నేనే. పడిన పిల్లల్ని బుట్టలో వేసి అటవీ శాఖ వాళ్లకి అప్పజెప్తాం. మావగారు పోయి ఆరేళ్లైంది.

తోటపల్లి కాలువ
10 నవంబర్ 2024, ఉదయం 7:20

చిన్నది పోయింది. మొండి కింద పడి ఉంది, చీమలు పట్టాయి. దూది ఉండలా ఉంది, ముఖం మాత్రం తమలపాకు అప్పుడే ఏర్పడింది.

మందు వల్లేనా?

పాలకొండ పశువైద్యం
10 నవంబర్ 2024, ఉదయం 8:05

నోట్లో, రెక్కల కింద రక్తం గానీ, చర్మం కింద నల్లటి మచ్చలు గానీ ఉన్నాయా చూడండి, చేతులకి కవర్లు వేసుకుని. అవి లేకపోతే ఆకలి వల్ల కావచ్చు. ఒక్క పిట్టే ముగ్గురికి తేవాలి, పెద్దవి ముందు లాక్కుంటాయి. ఇద్దరు తల్లిదండ్రులున్న గూట్లో కూడా చిన్నది పోవడం మామూలే.

తోటపల్లి కాలువ
10 నవంబర్ 2024, ఉదయం 8:50

రక్తం లేదు. పొట్ట లోపలికి పోయి ఉంది. ఆకలే. అంటే తెచ్చిపెట్టే రెండోది లేకపోవడం వల్ల. దాన్ని కూడా చింతచెట్టు వెనకే పెట్టాను, తల్లి పక్కన. తల్లో తండ్రో తెలీదు.

సన్నికల్లు
10 నవంబర్ 2024, సాయంత్రం 6:00

అమ్మాయీ, ఈ రోజు నీ పేరు చెప్పి స్వామి దగ్గర దీపం పెట్టాను. ఇంకేం రాయను.

తోటపల్లి కాలువ
8 డిసెంబర్ 2024, రాత్రి 9:30

కోతలయ్యాయి. కుప్ప వేశాం. ఎకరానికి రెండు బస్తాలు తగ్గింది. అందులో ఎలుకలదెంత, వానదెంత చెప్పలేను.

పెద్దది నవంబర్ ఆఖరు వారంలో మొండి అంచు మీదకొచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. తల పైకీ కిందకీ, పక్కలకీ ఊపి దూరం కొలుచుకునేది. 2వ తారీకు రాత్రి ఎగిరింది. ఎగిరింది అనడానికి లేదు, పక్క గట్టు మీద పడినట్టే దిగింది. పరుగెత్తాలనిపించింది, షెడ్డు గుమ్మం పట్టుకుని ఆగాను. అరగంటకి పెద్దపిట్ట వచ్చి దాని పక్కన వాలింది. రెండోది 6న ఎగిరింది. నిన్న, ఇవాళ మూడూ కోసిన చేలో కనిపించాయి.

పక్క గట్టు ఆయనకి కొత్త బియ్యం కుంచెడు ఇచ్చాను. వసారాలో వరి కుచ్చులు కట్టాను. మా అత్త ఇప్పటికీ ఆ కూత వింటే లేచి గుమ్మంలో నీళ్లు చల్లుతుంది. మొండి కొట్టించమని మాత్రం అడగడం లేదు.

కళింగపట్నం రేవు
17 జనవరి 2025, తెల్లవారి 4:40

అక్కా, మా ఒడ్డున గుడ్ల కాలం మొదలైంది. చచ్చిన తాబేళ్లు రెండు కొట్టుకొచ్చాయి, చూసి మనసు పాడైంది. రాత్రి ఒక జాడ దొరికింది, తాజాది. ఫోను చేశాను. నీ గూబలు ఉన్నాయా?

తోటపల్లి కాలువ
17 జనవరి 2025, ఉదయం 6:15

మొండిలో బుస లేదు తమ్ముడూ, ఖాళీ. కానీ మినుము చేలో పాతిన కర్ర కింద మొన్న ఒక ఉండ దొరికింది. తాజాది, ఇంకా తడిగా ఉంది.

నాగావళి ఒడ్డు
17 జనవరి 2025, రాత్రి 8:10

చెల్లీ, నీ కర్ర ఎత్తెంత? నేను అయిదడుగులవి పాతాను, పగటి పిట్టలే వాలుతున్నాయి.

తోటపల్లి కాలువ
17 జనవరి 2025, రాత్రి 8:35

ఎనిమిది అడుగులు అన్నా. వెదురు పనికిరాదు, ఊగుతుంది. సరుగుడు బాదు తీసుకో. పైన అడ్డకర్ర అడుగున్నర, మణికట్టంత లావు, బెరడు తీయకు, గోళ్లకి పట్టు ఉంటుంది. కరెంటు తీగకి దూరంగా పాతు.